అమ్మ కోసిన బేరిపండు

మా అమ్మ దింగ్ పెయ్‌లాన్ ఉన్న ఇంట్లో చెయ్యదగ్గ పనులకన్నా చెయ్యకూడని పనులే ఎక్కువ. గడప తొక్కకూడదు. అన్నం గిన్నెలో మేం తినడానికి వాడే పుల్లలు నిలువుగా గుచ్చకూడదు, చచ్చినవాళ్ళ ముందు అగరొత్తులు వెలిగించినట్టుంటుంది. బతికున్న మనిషి పేరు ఎర్రసిరాతో రాయకూడదు. కొత్త సంవత్సరం మొదటి రోజు ఇల్లు ఊడవకూడదు, తల రుద్దుకోకూడదు. మంచానికి ఎదురుగా అద్దం పెట్టకూడదు. ఎవరికీ గడియారం బహుమతిగా ఇవ్వకూడదు. ఇక బేరిపండు సంగతి సరేసరి. మా భాషలో బేరిపండు పంచుకోవడమన్నా, విడిపోవడమన్నా చెవికి ఒకటే మాట. అందుకని ఇంట్లోవాళ్ళు ఒక పండుని కోసి తలా ముక్కా తినకూడదు. ఎవరి పండు వాళ్ళు కొరుక్కు తినాలి, లేకపోతే మానెయ్యాలి.

ఇందులో తమాషా ఏమిటంటే, మాది దాంగ్‌షాన్. ఊరి చుట్టూ ఎటు చూసినా బేరితోటలే. అమ్మ ఉద్యోగం చేసింది పండ్లు డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలో. అక్కడ ఆమె పని బేరిపండ్లు కొయ్యడమే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క వేటుకి పండు రెండు చెక్కలు చేసి, కత్తిమొనతో గింజలు లేపేసి, పాకం తొట్టిలోకి తోసేది. ఇంటికొచ్చాక మాత్రం పండు మీద కత్తి పెట్టనిచ్చేది కాదు.

"అక్కడ కోసేవి ఎవరు తింటారో ఎవరికి తెలుసే? ఇక్కడ తినేది మనం," అనేది.

నాన్న గెంగ్ షౌయీ అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మాట తక్కువ మనిషి. అమ్మ ఆంక్షలన్నిటికీ తలొంచేవాడు, ఎగతాళి చేసేవాడు కాదు. పక్కింటి మొగుళ్ళు పెళ్ళాల చాదస్తాన్ని తిడుతుంటే మా నాన్న గడప దాటడానికి కాలు ఎత్తి ఎత్తి వేస్తూ ఇంట్లో తిరిగేవాడు. అది ప్రేమ అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

నేను హెఫెయ్ నగరానికి వెళ్ళి చిత్రకళ చదివాను. బొమ్మలు వెయ్యడంలో నాకంటే మంచివాళ్ళు వీధికొకరున్నారు. చివరికి నా చెయ్యి తిరిగింది వస్తువులతో గదుల్ని అమర్చడంలో. చూసేవాళ్ళు ఆ గదిలోంచి నడిచి వెళ్తారు, అదే బొమ్మ. ఏం అమర్చాలో తెలియక కొట్టుకుంటున్న రోజుల్లో ఒకసారి నా స్నేహితుల దగ్గర అమ్మ ఆంక్షల గురించి చెప్తుంటే వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. లూ హెంగ్ ఒక్కడే నవ్వలేదు. అతను హెఫెయ్‌లోనే పాత నూలుమిల్లు షెడ్డు అద్దెకి తీసుకుని ప్రదర్శనశాల నడుపుతున్నాడు. "ఇవన్నీ ఒక చోట పెట్టు వాన్‌చింగ్. మనవాళ్ళు నవ్వుతూ వస్తారు, లోపలికొచ్చాక ఒక్కడు కూడా చెయ్యి పెట్టడు. చూద్దువుగాని," అన్నాడు.

అలా పుట్టింది ఆ ప్రదర్శన. పేరు "చెయ్యకూడనివి".

గుమ్మంలో ఎత్తైన గడప కట్టించాను, తొక్కకుండా లోపలికి రాలేనంత వెడల్పు. పక్కనే ఎర్రసిరా సీసా, పేరు రాయమని ఒక పెద్ద కాగితం. లోపల భోజనాల బల్ల, ప్రతి గిన్నెలోనూ నిలువుగా గుచ్చిన పుల్లలు. ఒక గోడ నిండా బహుమతి రిబ్బన్లు కట్టిన గడియారాలు. గది మధ్యలో చిన్న బల్ల మీద పళ్ళెంలో ఒక బేరిపండు, పక్కన కత్తి. "మీతో వచ్చినవారితో పంచుకోండి" అని చీటీ.

చివర్లో మంచం.

దాని సంగతి కొంచెం చెప్పాలి. కడుపుతో ఉన్న మనిషి మంచం మీద బట్ట కత్తిరించకూడదు, కత్తెర పెట్టకూడదు, ఆ గదిలో మేకు కొట్టకూడదు అంటారు మావాళ్ళు. బిడ్డని కాచుకునే దేవత ఆ గదిలోనే ఎక్కడో మసలుతూ ఉంటుందట. కత్తెర దానికి తగిలితే బిడ్డకి తగిలినట్టే. ఈ ఒక్కటీ నేను అమ్మ నోట వినలేదు. పోయిన ఏడాది చనిపోయిన మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ ఆ మాటెత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎందుకో నేను అడగలేదు. పాత ఇల్లు పడగొడుతుంటే ఒకరి దగ్గర చెక్క మంచం కొన్నాను. ఎర్రటి పెళ్ళి బొంత పరిచాను. దాని మీద సగం కత్తిరించిన పసిపిల్లల చొక్కా గుడ్డ, నోరు తెరిచి ఉన్న కత్తెర. ఆ అమరిక బాగా కుదిరిందని, చూసినవాళ్ళ గుండె ఝల్లుమంటుందని ముచ్చటపడ్డాను.

ప్రారంభం శనివారం మధ్యాహ్నం. అమ్మా నాన్నా రైల్లో వచ్చారు. వెంట మా మేనత్త గెంగ్ షౌజెన్ కూడా వచ్చింది. మేనత్త నోట్లో మాట దాగదు. అమ్మ ఊదారంగు కోటు వేసుకుంది, జుట్టుకి రంగు వేయించుకుంది.

గడప దగ్గరే మేనత్త ఆగిపోయింది.

"ఇదేంటే, కాలు పెట్టడానికి చోటే లేదు! తొక్కి రావాలా?"

"తొక్కే రావాలి అత్తయ్యా."

"పేరు ఎర్రసిరాతోనా? మేనత్తని ఇవాళే సాగనంపుదామనా నీ ఉద్దేశం? నేను రాయను. మీ నాన్నచేత రాయించు, ఆయనకి చదువొచ్చు."

నాన్న కలం అందుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పెట్టేశాడు. "తర్వాత చూద్దాంలే," అన్నాడు.

అమ్మ మాత్రం కోటు అంచు పైకెత్తి పట్టుకుని గడప మీద అడుగేసి లోపలికొచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె గడప తొక్కడం నేను చూడలేదు. నా మొహం చూసి నవ్వింది.

"నీ గడపేగా. నువ్వు కట్టించావు, నేను తొక్కాను. ఇంకా ఏమేం పెట్టావో చూపించు."

అంత సంతోషంగా ఆమెని ఎప్పుడు చూశానో గుర్తులేదు. గడియారాల గోడ ముందు నిలబడి పక్కనున్న కాలేజీ పిల్లలకి, "ఇవన్నీ నేను చెప్పినవే. ఇది నా కూతురు. చిన్నప్పుడు ఒక్కటీ వినేది కాదు, ఇప్పుడు చూడండి, గోడకెక్కించింది," అని చెప్పుకుంది. అన్నం గిన్నెలు చూసి, "ఇంత అన్నం వండి పారేస్తావా?" అని గొణిగింది. బేరిపండు దగ్గర, "ఎవరైనా కోశారా?" అని అడిగింది.

"లేదమ్మా. ఫోటోలు తీసుకుంటున్నారు, కత్తి ముట్టుకోవడం లేదు."

"కొయ్యరు," అంది గర్వంగా.

తర్వాత మంచం దగ్గరికి వచ్చాం.

అమ్మ నవ్వుతూనే వచ్చింది. బొంత చూసింది, చొక్కా గుడ్డ చూసింది, కత్తెర చూసింది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం అందులోంచి తప్పుకున్నాయి.

"ఇది ఎవరు చెప్పారు నీకు?"

"నాయనమ్మ."

"ఏమని చెప్పింది?"

"మంచం మీద బట్ట కత్తిరిస్తే కడుపు నిలవదని. ఏమైందమ్మా?"

నాన్న వెనకనుంచి గబగబా వచ్చాడు. "చూశాం కదా. పద, అటు కుర్చీలున్నాయి, కూర్చుందువుగాని," అని అమ్మ మోచెయ్యి పట్టుకోబోయాడు. అమ్మ చెయ్యి లాక్కుంది.

అప్పుడే మేనత్త నోరు జారింది. దురుద్దేశం లేదు. ఆవిడకి తెలిసిందే అది.

"అయ్యో వదినా, ఇది నీ కథే కదా! నువ్వూ ఇలాగే మంచం మీద బట్ట కత్తిరించబట్టే కదా ఆ రెండో కడుపు... ఏమే వాన్‌చింగ్, ఎంత పిల్లవైనా కన్నతల్లి బాధ ఇలా పదిమందిలో పెడతావా?"

"ఏ రెండో కడుపు?" అన్నాను.

గోడ మీద గడియారాలు అన్నీ ఒకేసారి కొట్టుకుంటున్న చప్పుడు అప్పటిదాకా నాకు వినపడలేదు. మా ఇంట్లో నేను ఒక్కదాన్నే. ఇంకొకరు ఉండబోయారన్న మాట ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా నా చెవిన పడలేదు. అది పడే రోజుకి ఆ మంచాన్ని నా చేతుల్తో నేనే అమర్చి, దాని మీద దీపం కూడా సరిగ్గా కత్తెర మీద పడేలా పెట్టుకున్నాను.

అమ్మ మంచం వైపే చూస్తూ, "కత్తెర కాదు షౌజెన్," అంది. "మీ అన్నయ్యనడుగు."

"పెయ్‌లాన్, ఇక్కడొద్దు," అన్నాడు నాన్న.

"మరెక్కడ? ఇంట్లో మీ అమ్మ ఉండేది. ఆవిడ పోయేదాకా ఆగాను. ఆవిడ పోయి ఏడాదయింది. ఇప్పటికైనా చెప్తావేమోనని చూశాను. చెప్పలేదు."

ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి గది మధ్యకి నడిచింది. ఎక్కడికో నాకు అర్థం కాలేదు. చిన్న బల్ల దగ్గర ఆగింది. కత్తి తీసి బొటనవేలితో పదును చూసింది. ఎడమచేతిలోకి పండు తీసుకుంది. ఒక్క వేటు. మొనతో రెండు వైపులా గింజలు లేపేసింది. అంతా రెప్పపాటులో అయిపోయింది, ఫ్యాక్టరీలో చేసినట్టే. ఒక చెక్క పళ్ళెంలో పెట్టింది, ఇంకొకటి నాన్న ముందుకి చాపింది.

"తీసుకో."

"పెయ్‌లాన్..."

"తీసుకోవయ్యా. నీ సగం నీది."

మేనత్త కెవ్వుమంది. నాన్న చెయ్యి దానంతటదే ముందుకొచ్చి ఆ చెక్కని అందుకుంది. అమ్మ తన సగం తీసుకుని, నిలబడి, తొందర లేకుండా నమిలి మొత్తం తినేసింది. రసం మణికట్టు మీదుగా కారుతుంటే కోటు చెయ్యి పైకి లాక్కుంది.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

ముందు ఎవరో ఒకరు, తర్వాత షెడ్డంతా. చుట్టూ ఫోన్లు లేచాయి. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా నటించారో!" అంది పక్కవాళ్ళతో. ప్రదర్శనలో భాగం అనుకున్నారు. లూ హెంగ్ కూడా అదే అనుకున్నాడు. నా చెవిలో, "ముందే చెప్పొచ్చుగా, కెమెరా పెట్టించేవాణ్ణి," అన్నాడు. నేను అతని భుజం పట్టుకున్నాను. అప్పుడు చూశాడు నా మొహం. "అంటే... నిజమా?" అని, మా అందర్నీ తన ఆఫీసు గదిలోకి తోసి తలుపు వేశాడు.

ఆ గదిలో మేనత్త అందుకుంది. "మతి పోయిందా వదినా నీకు? ఈ వయసులో మొగుడికి బేరిపండు కోసి ఇస్తావా, అదీ జనంలో! ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా మేము? మా అన్నయ్య ఏం తక్కువ చేశాడు నీకు? తాగాడా? కొట్టాడా? నీ పిచ్చి పద్ధతులన్నిటికీ..."

"ఆపు షౌజెన్," అన్నాడు నాన్న.

ఆయన బీరువాకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పండు చెక్క ఇంకా చేతిలోనే ఉంది, తెల్లగా ఉన్నదల్లా అంచుల్లో రంగు మారుతోంది.

"కత్తెర కాదు. నేనే తీసుకెళ్ళాను."

"ఎక్కడికి?" అంది మేనత్త.

"ఆసుపత్రికి. ఐదో నెల. ఒక్క బిడ్డనే కనాలని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన రోజులవి, రెండో బిడ్డ ఉందని ఫ్యాక్టరీలో తెలిసిపోయింది. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నారు. నన్ను పిలిపించి, నువ్వే నచ్చజెప్పి తీసుకురా, లేకపోతే మేమే వస్తాం అన్నారు. నచ్చజెప్తే వినదని నాకు తెలుసు. మీ అక్క ఊళ్ళో దాచిపెడతాను, కనేదాకా అక్కడే ఉందువుగాని అని చెప్పి బండెక్కించాను."

మేనత్త నాన్న దగ్గరికి ఒక అడుగు వేసింది. తర్వాత మెల్లగా, "మరి కత్తెర అని అమ్మ చెప్పిందే, వాడంతా చెప్పిందే," అంది.

"అలా చెప్దామని అమ్మ అంది. నేను కాదనలేదు."

కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాను, లూ హెంగ్ తెచ్చిపెట్టిన పోస్టర్ల కట్ట మీద. నేను నాన్న వైపు చూశాను. నాకు సైకిల్ నేర్పించినప్పటి మొహమే, ఏమీ మారలేదు. ఆ మొహంతోనే ఆ పని చేశాడా? ఏడుద్దామంటే ఏడుపు రాలేదు.

అమ్మ కిటికీ దగ్గర చెయ్యి తుడుచుకుంటోంది.

"మా అక్క ఊరికైతే బండి కాలవ దగ్గర కుడికి తిరగాలి," అంది, ఎవరితోనో మామూలు విషయం చెప్తున్నట్టు. "ఎడమకి తిరిగింది. వానలకి దారి పాడైందేమో, చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నాడు అనుకున్నాను. ఒళ్ళో ఉడకబెట్టిన గుడ్లు ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆకలేస్తుందని ఈయన కోసమే కట్టాను. ఆసుపత్రి గేటు కనపడ్డాక కూడా అర్థం కాలేదు నాకు. నీకేమైనా ఒంట్లో బాగోలేదా అని ఈయన్నే అడిగాను."

నాన్న మొహం బీరువా వైపు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. నేను లేచి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నాన్న, మేనత్త దాంగ్‌షాన్ రైలెక్కారు. అమ్మ ఎక్కలేదు. స్టేషన్‌కి బయల్దేరే ముందు నాన్న షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, "రెండు రోజులుండి వచ్చెయ్," అన్నాడు. "రాను," అంది అమ్మ. కోపం లేదు ఆ మాటలో. ఆయన ఇంకా ఏదో అనబోయి, తలూపి, గడప మీద కాలు పడకుండా దాటడానికి ప్రయత్నించి, తూలి, దాని మీదే అడుగేసి వెళ్ళిపోయాడు.

జనం వెళ్ళిపోయాక నేను మంచం విప్పేద్దామని బొంత లాగాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచు. పాడుచెయ్యకు. నీ తప్పేం ఉంది? నీకు తెలియదు."

"నేను దీన్ని చూడలేనమ్మా."

"నేను చూడగలను." వంగి చొక్కా గుడ్డని వేళ్ళతో తడిమింది. "నిజంగానే కత్తిరించాను మంచం మీద. ఇదే రంగు గుడ్డ కాదు, పసుపుది. మీ నాయనమ్మ వాడంతా చెప్తుంటే, ఆసుపత్రి సంగతి నాకు తెలిసి కూడా, అవునేమో అనిపించేది. ఆ రోజు నేను కత్తెర పట్టకపోతే మీ నాన్న బుద్ధి అటు తిరిగేది కాదేమో, బండి కుడికే వెళ్ళేదేమో అని. అప్పట్నించే ఇవన్నీ పట్టుకున్నాను. అంతకుముందు నేను గడప మీద కూర్చునే జడ వేసుకునేదాన్ని."

నేను ఏళ్ళ తరబడి స్నేహితుల దగ్గర నవ్వుతాలుగా చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎర్రసిరా, అద్దం, పుల్లలు.

అమ్మ ఆ గుడ్డని ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుంది.

"మెడ మరీ చిన్నగా కత్తిరించావు. ఇందులో పిల్ల తల ఎలా దూరుతుందే?"

"పిల్లా?"

"ఊఁ. నర్సు చెప్పింది, ఆడపిల్ల అని. అడక్కుండానే చెప్పింది."

వారం తిరక్కుండా ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్ళింది. బేరిపండు కోసిన వృద్ధనటి ఎవరు అని అడుగుతూ నాకు ఫోన్లు వచ్చాయి. షాంఘైనుంచి ఒకాయన, అదే ప్రదర్శన అక్కడ కూడా చేయించగలరా, ఆవిడ వారానికి ఎన్నిసార్లు చెయ్యగలరు అని అడిగాడు. వీడియో కింద ఎవరో రాశారు, ఈ ఏడాది తాము చూసినవాటిలో ఇంత నిజంగా అనిపించింది లేదని. నేను ఫోన్ కట్టేసి సొరుగులో పడేశాను. లూ హెంగ్ నోరు జారే మనిషి కాదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ప్రదర్శన గడువు పూర్తయ్యేదాకా నడిచింది. ఆ బల్ల మీద మళ్ళీ పండు పెట్టలేదు.

అమ్మ నా దగ్గర కొన్నాళ్ళుండి పెద్దమ్మ ఊరికి వెళ్ళిపోయింది, కాలవ దగ్గర కుడికి తిరిగితే వచ్చే ఊరికి. పెద్దమ్మకి భర్త లేడు, ఇంట్లో రెండు గదులు ఖాళీ. అమ్మ అక్కడ కోళ్ళు పెంచుతోంది. పొద్దున్నే పెద్దమ్మతో కలిసి సంతకి వెళ్తుంది. ఆరోగ్యం బాగుంది. విడాకుల కాగితాలు కావాలా అని నేను అడిగితే, "కాగితాలతో నాకేం పని? నేను వచ్చేశానుగా," అంది.

మేనత్త తనంతట తాను వాడలో ఇంటింటికీ వెళ్ళి, కత్తెర కథ అబద్ధమని చెప్పిందట. నాకు ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారు. కొందరు ఎందుకిప్పుడు అన్నారట, కొందరు తలుపు దగ్గరకేశారట. మేనత్త ఆ మాటలు నాతో ఎప్పుడూ అనలేదు. అమ్మకి మాత్రం ఒక పెద్ద సంచీ నిండా ఊలు పంపింది.

నాన్నతో నేను మాట్లాడుతున్నాను, అంటే ఆయన అడిగినవాటికి జవాబు చెప్తున్నాను. గంజి ఎంతసేపు ఉడకాలి, నీళ్ళ బిల్లు ఎక్కడ కట్టాలి. ఇంకొకటి ఆయన అడగడు, నేను చెప్పను.

పోయిన నెల నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా ఆయన వచ్చాడు. గేటు బయట సైకిల్ ఆపి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. పెద్దమ్మ చీపురు తీసుకుని లేచింది. అమ్మ ఆపింది.

"ఎండలో వచ్చాడు. టీ ఇవ్వు వాన్‌చింగ్. భోజనానికి ఉండమనకు."

నేను గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన గేటు దగ్గరే నిలబడి తాగాడు. వాకిట్లో కోళ్ళకి మేత జల్లుతున్న అమ్మని చూశాడు. ఆమె ఇటు తిరగలేదు, లోపలికీ వెళ్ళలేదు. ఖాళీ గ్లాసు నా చేతికి ఇస్తూ, "బాగానే ఉందా?" అన్నాడు. "బాగుంది నాన్నా," అన్నాను. సరే అని సైకిలెక్కాడు.

"మళ్ళీ వస్తాడా?" అంది పెద్దమ్మ విసుక్కుంటూ.

"వస్తే రానీ," అంది అమ్మ. "టీ పొడి ఉంది."